ఉప్పునేలలో అత్తగారి చేమంతులు

పోయిన వారం పొద్దుటి నడక ముగించుకుని, అమలాపురంలో మా వీధి చివర ఉన్న చిన్న పార్కులో సిమెంటు బల్ల మీద కూర్చుని ఊపిరి తీసుకుంటూంటే ఒక వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి ఇద్దరు మనుషులు దిగి, నడకదారికి అటూ ఇటూ వరసగా ఉన్న చేమంతి మొక్కల్ని, అవి పూత అయిపోయి వాడుమొహం పట్టి ఉన్నాయి, వేళ్ళతో సహా పీకి ఒక పక్కన కుప్పపోశారు. ఆ గుంటల్లోనే, నల్లటి ప్లాస్టిక్ సంచుల్లోంచి అప్పటికే విరగబూసి ఉన్న కొత్త మొక్కల్ని తీసి పెట్టేసి, పైపైన మట్టి కప్పి నీళ్ళు చల్లారు. గంటలో పార్కంతా పసుపూ ఎరుపూ రంగులతో పెళ్ళిపందిరిలా తయారైంది. చూడ్డానికి బాగానే ఉంది. నేను మాత్రం ఉండబట్టలేక లేచి వెళ్ళి, పీకేసిన కుప్పలోంచి ఒక మొక్కను చేతిలోకి తీసుకున్నాను. ఎండిన కాడ చుట్టూ, మొదలంటా, పచ్చగా ఏడెనిమిది పిలకలు. ఒక్కో పిలకకీ తెల్లటి లేతవేళ్ళు. వీటిని ఏం చేస్తారు నాయనా అని అడిగితే, “ట్రాక్టరొస్తుందండీ, ఎత్తుకుపోద్ది. ఆయ్,” అన్నాడు ఆ అబ్బాయి ఎంతో మర్యాదగా.

ఇంటికి వచ్చాక కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను. నా వయసువాళ్ళకి నా బాధ విడమరచి చెప్పనక్కర్లేదు. మనం పెరిగిన రోజుల్లో పూలమొక్క అనేది కొనుక్కునే వస్తువు కాదు కదా. అడిగి తెచ్చుకునేది, లేకపోతే అడక్కుండానే ఎవరో ఒకరు తడిగుడ్డలో చుట్టి చేతిలో పెట్టేది. అందుకే మొక్కలకి పూలపేర్లతో పాటు ఇళ్ళపేర్లు కూడా ఉండేవి. మా పుట్టింట్లో మెట్టతామర దుబ్బును “పిన్నమ్మగారి మెట్టతామర” అనేవాళ్ళం, నూతి పక్కన ఉన్న మరువాన్ని “మామ్మ మరువం” అనేవాళ్ళం. ఆ మామ్మ ఎవరి మామ్మో మాలో ఎవరికీ తెలియదు.

అయితే మొక్కను విడదీసి పాతడం అనే పనిని నిజంగా చూసింది నేను కాపురానికి వచ్చాకే. మా అత్తవారిది ఐనవిల్లి దగ్గర పల్లెటూరు. వరిచేలు, కొబ్బరితోటలు, గొడ్డూగోదా ఉన్న ఇల్లు. వీధిగుమ్మం నుంచి అరుగు దాకా పాతికడుగుల బాట, ఆ బాటకు రెండు పక్కలా మా అత్తగారి పూలవరసలు. బాట అంచున జానెడెత్తు వానలిల్లీలు, వాటి వెనక చేమంతులు, చివర గోడవారన మనిషెత్తు మెట్టతామరలు. ఎక్కడా అరచేయంత ఖాళీ నేల కనిపించేది కాదు. వరసలో ఏ మొక్క చచ్చినా, ఏ మూల బోసిపోయినా, ఆవిడ రెండు రోజులు దానిని చూస్తూ తిరిగి, మూడోనాడు ఎక్కడో కిక్కిరిసిపోయిన దుబ్బును గునపంతో లేపి, విడదీసి, ఆ ఖాళీని నింపేసేవారు. బయటినుంచి కొన్న మొక్క ఒక్కటీ ఆ ఇంట్లో ఉండేది కాదు.

ఆవిడకి చదువు రాదు. మొక్కను చూస్తే మాత్రం దాని ఈడెంతో, అది ఎన్నాళ్ళ నుంచి ఇరుకున పడుతోందో చెప్పేవారు. చేమంతి దుబ్బును లేపగానే ముందు మట్టి దులిపి, మధ్యలో కర్రలాగా ముదిరిపోయిన భాగాన్ని తీసి పారేసేవారు. కొత్తలో నాకది విచిత్రంగా ఉండేది. అంత లావుగా బలంగా కనిపించేదాన్ని పారేసి, అంచున గడ్డిపోచల్లా ఉన్న పిలకల్ని దాచుకోవడం ఏమిటా అనుకునేదాన్ని. ఒకసారి అడిగితే, “మధ్యది పూసి పూసి అలిసిపోయిందమ్మాయ్. పూసేది ఇకనుంచి ఇదే,” అని పిలకను నా చేతిలో పెట్టారు. టీచరు ట్రైనింగులో నేను వృక్షశాస్త్రం పుస్తకం మొత్తం బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నదాన్ని, కాని పిలకను వేరు తెగకుండా పట్టుకోవడం ఎలాగో ఆ రోజే తెలిసింది.

పెళ్ళయిన రెండో ఏడు నాకు ఉద్యోగం కాగితం వచ్చింది. అంతర్వేదికి కొంచెం ఇవతల, సముద్రపు గాలి నేరుగా తగిలే ఒక మత్స్యకారుల పల్లెలో బడి. ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. మా మామగారు కోపిష్టి కాదు కాని, కోడలు ఊరు కాని ఊళ్ళో ఒక్కతీ గది తీసుకుని ఉండడమన్నది ఆయన ఊహకి అందలేదు. మా వారు పొలం పనులు వదిలి రాలేరు. రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడుకోలేదు. మూడో రోజు భోజనాల దగ్గర, వడ్డిస్తూ వడ్డిస్తూ, మా అత్తగారు మామగారి వైపు చూడకుండానే, “ఓ ఏడాది చూడనివ్వండి. కుదరకపోతే వచ్చేస్తుంది,” అన్నారు. ఆయన పెరుగు కలుపుకుంటూ, “ఏడాదే,” అన్నారు. అంతే. నా జీవితం ఆ రెండు ముక్కల మీద తిరిగింది.

జ్యేష్ఠంలో బడులు తెరిచేనాటికి బయల్దేరాను. నా ట్రంకుపెట్టె పక్కన అత్తగారు ఒక గోనెసంచి పెట్టారు. అందులో తడిపిన అరటిడొప్పల్లో చుట్టిన చేమంతి పిలకలు. బస్సులో బోడసకుర్రు రేవుకి చేరి, బల్లకట్టులాంటి పంటి ఎక్కి వైనతేయ పాయ దాటి, మళ్ళీ రాజోలు బస్సు పట్టుకుని, అక్కణ్ణుంచి ఇంకో బస్సు మారి వెళ్ళేసరికి సాయంత్రమైంది. దారిపొడుగునా ఆ సంచిని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను.

ఆ బడిని ఇప్పటికీ కళ్ళముందు చూడగలను. పెంకుటిల్లు, నాలుగు గదులు, చుట్టూ ఇసక. ఒక్క పచ్చటి ఆకు లేదు. గాలి వేస్తే ఇసక కిటికీల్లోంచి వచ్చి నల్లబల్ల మీద రాసిన అక్షరాల మీద పడేది. హెడ్మాస్టరుగారు మంచివారు, పెద్దవారు, రిటైరయ్యే రోజు కోసం ఎదురుచూస్తున్నవారు. నా సంచి చూసి, “ఈ ఇసకలో తోటేవిటండీ?” అని నవ్వారు. నాకు పట్టుదల వచ్చింది. ఆ ఆదివారమే బడి ముందు వరసగా గుంటలు తీసి పిలకలన్నీ పాతాను. బోరింగు నీళ్ళు పోశాను. వారం తిరిగేసరికి ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. రెండో వారానికి ఒక్కటీ మిగల్లేదు.

మొక్కలు చచ్చిపోవడం ఒక్కటే అయితే తట్టుకునేదాన్నేమో. బడిలో పేర్లు ఉన్న ఆడపిల్లల్లో సగంమంది వచ్చేవారు కారు. వచ్చినవాళ్ళు కూడా చెల్లెళ్ళనీ తమ్ముళ్ళనీ చంకనేసుకుని వచ్చి, తల్లులు రేవునుంచి చేపలబుట్టలతో తిరిగొచ్చే వేళకి లేచి వెళ్ళిపోయేవారు. నేను చెప్పే పాఠం ఎవరికీ అక్కర్లేదనిపించేది. ఉప్పునీళ్ళతో కాళ్ళు పగిలాయి. శనివారం మా వారు వచ్చే వారం గడిచేది, రాని వారం గడిచేది కాదు. ఒక రోజు బడినుంచి వచ్చి, ఏడుస్తూ అత్తగారి పేర ఇంటికి ఉత్తరం రాశాను. ఇక్కడ నావల్ల కావడం లేదు, మొక్కలు కూడా బతకని చోట నేను ఉండలేను, మామగారితో చెప్పి నన్ను తీసుకుపొండి అని. మర్నాడు పోస్టు డబ్బాలో వేశాక కాస్త తేలికపడ్డాను కూడా.

పదిరోజుల దాకా జవాబు లేదు. పదకొండోనాడు మధ్యాహ్నం నాలుగో తరగతి పిల్లలకి ఎక్కాలు చెప్పిస్తూండగా, గుమ్మంలో మా అత్తగారు నిలబడి ఉన్నారు. చేతిలో గోనెసంచి, భుజాన గుడ్డమూట, పాదాలంతా ఇసక. అప్పటికి ఊడ్పులు అయిపోయాయి, శ్రావణం. పురుళ్ళకి, పుణ్యక్షేత్రాలకి తప్ప ఇల్లు కదలని మనిషి, ఎర్రనీళ్ళతో ఉరకలేస్తున్న వైనతేయను పంటి మీద దాటి, మూడు బస్సులు మారి, దారి అడుక్కుంటూ ఒక్కరే వచ్చారు. ఉత్తరం చూసి తీసుకెళ్ళడానికి వచ్చారనుకున్నాను. ఆవిడ ఉత్తరం ఊసే ఎత్తలేదు. బడి ముందుకి వెళ్ళి, నేను పాతిన చోట వంగి, చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుని, పక్కకి ఉమ్మేసి, “ఉప్పులో పాతేవా అమ్మాయ్! పప్పులోకైనా ఎక్కువే ఇది,” అన్నారు. పిల్లలంతా పకాలున నవ్వారు. ఆ ఊళ్ళోకి వచ్చాక నేను నవ్వడం కూడా అదే మొదలు.

నేను అద్దెకున్న గది పక్క ఇల్లు ఒక మత్స్యకార కుటుంబానిది. ఆ ఇల్లాలు నాకంటే పదేళ్ళు పెద్దది, నేను అక్కా అని పిలిచేదాన్ని. మొగుడు గోదారి సముద్రంలో కలిసే మొగలో పడవ మీద వేటకి వెళ్ళేవాడు, ఆవిడ బుట్టనెత్తుకుని రాజోలు దాకా తిరిగి అమ్ముకొచ్చేది. ఆవిడ పెరట్లో చేపలు కడిగే రాతి పక్కన ఒక పెద్ద లిల్లీ దుబ్బు ఉండేది. సాలెపురుగు కాళ్ళలాంటి పొడుగాటి తెల్లరేకులతో పూస్తుంది చూడండి, ఆ లిల్లీ. పూస్తుంది అన్నానే కాని నేనెప్పుడూ దాని పువ్వు చూడలేదు. ఆకులు మాత్రం చేతి వెడల్పున, నల్లటి ఆకుపచ్చగా, ఉప్పుగాలికి చెక్కుచెదరకుండా ఉండేవి.

మా అత్తగారు వచ్చిన సాయంత్రమే ఆ దుబ్బు చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఈ నేలని తట్టుకునేది ఇదొక్కటేనని ఆవిడకి అర్థమైపోయింది. సముద్రం వైపు దడివారన దీన్ని వరసగా పెడితే గాలినీ ఉప్పునీ ఇది ఆపుతుంది, దాని చాటున చేమంతి బతుకుతుంది అని నాతో చెప్పి, మొహమాటం లేకుండా అక్కని అడిగేశారు. దుబ్బు బిగిసిపోయింది, విడదీసి కొన్ని పిలకలు బడికి ఇమ్మని.

అక్క మొహం మారిపోయింది. “అది మా అత్త పెట్టిన చెట్టండీ. ఆవిడ పోయి నాలుగేళ్ళయ్యింది. దానిమీద ఇనుం పెట్టనియ్యనండి,” అంది.

“సరేనమ్మా. నీ చెట్టు, నీ ఇష్టం,” అన్నారు మా అత్తగారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాకు సిగ్గేసింది, వచ్చిన రోజే పక్కింటితో తగువు తెచ్చారే అని. ఆవిడకి అలాంటిదేమీ లేదు. తెల్లారి లేచి వేరే పని మొదలుపెట్టారు.

ఆ పనిని నేను ఎంతమందికి చెప్పానో! గోదారి వరద అప్పుడే కాస్త తీసింది, రేవువారన బెత్తెడు మందాన ఎర్రటి ఒండ్రు పేరుకుని ఉంది. ఆవిడ కొంగు బిగించి, తట్ట నెత్తిన పెట్టుకుని, ఆ ఒండ్రు మోయడం మొదలెట్టారు. ఇంటి దగ్గర పాలేర్ల చేత పని చేయించే మనిషి. మొదటి రోజు నేనూ ఆవిడా. రెండో రోజు పెద్ద తరగతి పిల్లలు. మూడో రోజు చేపల బుట్టలు ఖాళీ చేసుకుని తిరిగొస్తున్న ఆడవాళ్ళు నిలబడి చూసి, ఈ ముసలమ్మగారు మోస్తూంటే మనం ఊరుకుంటామా అని తలో బుట్టెడూ తెచ్చి పోశారు. హెడ్మాస్టరుగారు తలపాగా చుట్టి ఊళ్ళోంచి కాయలు వలిచిన కొబ్బరిడొక్కలు బండి మీద తోలించారు. అడుగున డొక్కలు బోర్లించి పరచి, దానిమీద పశువుల గెత్తం, దానిమీద ఒండ్రు, ఇలా మోకాలెత్తు గట్లు కట్టించారు అత్తగారు. కిందనుంచి ఉప్పు పైకి ఎక్కకుండా డొక్క అడ్డుపడుతుందట. ఇది ఎవరు చెప్పారండీ అంటే, కొబ్బరిమొక్క పాతేటప్పుడు మా నాన్న చేసేవాడమ్మా అన్నారు.

మూడో రోజు సాయంత్రం, పని అయ్యాక అందరం కాళ్ళు కడుక్కుంటూంటే అక్క వచ్చింది. కాసేపు అటూ ఇటూ చూసి, “అమ్మగారూ, ఇడదీత్తే చచ్చిపోదు కదండీ?” అని అడిగింది.

“చావదు. మూడేళ్ళ నుంచి పువ్వు లేదు కదూ దానికి?”

“లేదండీ. మా అత్తున్నప్పుడు ఏడాదికి నాలుగైదు కాడలేసేది. ఆవిడతోనే పోయిందనుకున్నానండి.”

“ఆవిడతో పోలేదు. కింద చోటు లేక. రేపు గునపం నువ్వే వెయ్యి, నేను పక్కనుంటాను. మీ అత్తగారి చెట్టు మీద నేను చెయ్యి వెయ్యను.”

మర్నాడు పొద్దున్న పెరట్లో అదొక తంతులా జరిగింది. అక్క గునపం పట్టుకుని దుబ్బుకి దూరంగా వేయబోతే ఇంకాస్త ఇవతలికి, వేస్తూంటే ఇంకాస్త లోతుకి అని చెబుతూ, మా అత్తగారు గొంతుక్కూర్చుని ఆకులన్నీ పోగుచేసి పట్టుకున్నారు. నాలుగు వైపులా వేసి ఎత్తేసరికి నేల గుండ్రంగా, బండిచక్రంలా పైకి లేచింది. నీళ్ళు పోసి కడిగి చూస్తే లోపల ఉల్లిగడ్డల్లాంటి దుంపలు, ఒకదాన్నొకటి నొక్కుకుని పలకలు తేలిపోయి ఉన్నాయి. అక్క నోటిమీద చెయ్యి వేసుకుని, “అయ్యో, ఎంత ఇరుకున ఉన్నాయండీ!” అంది, కన్నబిడ్డల్ని చూసినట్టు. మా అత్తగారు ఒక్కోదాన్నీ చేత్తో మెలిపెట్టి వేరు చేశారు, కత్తి అవసరం రాలేదు. అన్నీ అయ్యాక వాటిలో అన్నిటికంటే బలమైన దుంపను ఎంచి, చేపలరాతి పక్కన అదే గుంటలో పెట్టి, అక్క చేత మట్టి కప్పించారు. “ముందు ఇంటిది ఇంటికి. తరవాతే ఊరికి,” అన్నారు. ఆ మాట విన్నాక అక్క ఇక మా అత్తగారి వెనకే తిరిగింది.

నీళ్ళ సంగతి చెప్పింది కూడా అక్కే. బోరింగు నీళ్ళు ఉప్పన, పనికిరావు, ఇసకదిబ్బ మీద చెలమ తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరతాయి అని తీసుకెళ్ళి చూపించింది. మోకాలులోతు గుంట తవ్వి చేత్తో తీసి తాగితే కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. మా అత్తగారు ఆ నీళ్ళు తాగి, ఇన్నేళ్ళొచ్చినా నాకు తెలియనిది ఇంకా ఎంత ఉందో అన్నారు. అక్క సిగ్గుపడిపోయింది. తనకి తెలిసిన విషయానికి అంత విలువ ఉందని ఆవిడకి ఎవరూ చెప్పి ఉండరు.

దడివారన లిల్లీలు, గట్ల మీద ఇంటినుంచి తెచ్చిన చేమంతి పిలకలు. నాటే రోజున అత్తగారు పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి, తలా ఒక పిలకా ఇచ్చి, ఎవరిది వారే నాటాలి, ఎవరిదానికి వారే నీళ్ళు పొయ్యాలి, బడికి రాని రోజున మీ మొక్కకి పక్కపిల్లని బతిమాలుకోవాలి అని చెప్పారు. నేనైతే ఇలాంటిదేదో పుస్తకంలో చదివి పాటించి ఉండేదాన్ని. ఆవిడకి అది అప్పటికప్పుడు తోచింది.

పది రోజులున్నారు ఆవిడ. వచ్చేటప్పుడు తన బియ్యం, తన ఆవకాయ తెచ్చుకున్నారు, పరాయిచోట చెయ్యి కడగనని. నాలుగో రోజుకల్లా అక్క పంపిన చందువా చేపల పులుసుతో అన్నం తింటున్నారు. ఆరో రోజుకి ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఎవరి అత్తగారు ఎంత గట్టివారో చెప్పుకుని నవ్వుకోవడం గదిలోంచి విన్నాను.

వెళ్ళే రోజున బస్సు దగ్గర నిలబడి ఉండగా, బొడ్డున దోపుకున్న సంచిలోంచి మడతలు పడిన కాగితం తీసి నా చేతిలో పెట్టారు. నేను రాసిన ఉత్తరం.

“మీ ఆడపడుచు చేత చదివించుకున్నాను. మీ మావగారికి చెప్పలేదు, మీ ఆయనకీ చెప్పలేదు. చింపుకుంటావో, మళ్ళీ పోస్టులో వేసుకుంటావో నీ ఇష్టం. వేసుకున్నా నేనేమీ అనుకోను,” అన్నారు.

వంగి పాదాలకి దణ్ణం పెట్టబోతే, “ఇసకలో ఇప్పుడు వంగోకు, బస్సెళ్ళిపోద్ది,” అని ఎక్కేశారు. బస్సు మలుపు తిరిగేదాకా చూసి, గదికి వచ్చి ఆ ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టాను. ఇన్నేళ్ళలో ఈ సంగతి నేను రాయడం ఇదే మొదలు. మా వారికి కూడా ఆవిడ పోయాకే చెప్పాను.

అన్నీ బతికాయని చెప్పను. నాటిన చేమంతుల్లో పావువంతు మొదటి పక్షంలోనే పోయాయి. కార్తికంలో ఈదురుగాలి పట్టి మొదటి మొగ్గలన్నీ రాలగొట్టింది, లిల్లీలు నేలకి పడుకున్నాయి. కాని మూడోనాటికి లేచి నిలబడ్డాయి, వాటి చాటునున్న చేమంతులూ నిలబడ్డాయి. పుష్యంలో గాని మొదటి పువ్వు విచ్చలేదు. అది పసుపుపచ్చటిది, రూపాయి బిళ్ళంత. పిల్లలు దానిచుట్టూ మూగి, ఎవరు పెట్టుకోవాలా అని కొట్టుకుని, చివరికి వాళ్ళలో వాళ్ళే తేల్చుకుని, దాన్ని పిలకలిచ్చిన మామ్మగారికి పంపించమన్నారు. శనివారం వచ్చిన మా వారి చేతికి తడిగుడ్డలో చుట్టి ఇచ్చాను. రేవు దాటి ఊరు చేరేసరికి అది వడిలి వేలాడిపోయిందట. పెరటినిండా తాజాపూలున్న మా అత్తగారు ఆ వాడిన పువ్వునే ముడిలో పెట్టుకున్నారట. ఇదేమిటీ అని మామగారు అడిగితే, “ఇది సముద్రం పక్కన పూసింది,” అన్నారట. ఆ ఏడాది గడువు అయిపోయినప్పుడు ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మామగారు రెండో ఏడు తనంతట తానే వచ్చి చూసి, గట్టుమీద మట్టి పిడికిట్లోకి తీసుకుని నలిపి, ఒండ్రు బాగుంది అని ఒక్క మాటన్నారు. ఆయన నోట అది పెద్ద మెప్పు.

ఆ బడిలో పదకొండేళ్ళు పనిచేశాను. ఆడపిల్లలందరూ పూలకోసమే బడికి వచ్చారని రాస్తే అబద్ధమవుతుంది, కొందరు వచ్చారు, కొందరు రాలేదు, వచ్చినవాళ్ళలో ముగ్గురు నాలాగే టీచర్లయ్యారు. ఏటా తొలకరి పడగానే మా అత్తగారు సంచితో దిగిపోయేవారు. ఆ రోజు బడిలో పాఠాలుండవు. గట్లమీది దుబ్బులన్నీ లేపి, ముదురు తీసేసి, పిలకలు విడదీసి, బడి వరసలు నింపాక మిగిలినవి పిల్లలు ఇళ్ళకి పట్టుకుపోయేవారు. ఐదారేళ్ళకి ఆ పల్లెలో లిల్లీ లేని గుమ్మం లేదు. అక్క పెరట్లోది మాత్రం రెండో ఏడే కాడ వేసింది. ఆ రోజు ఆవిడ బుట్ట దింపి, బజారుకి వెళ్ళడం మానేసి, మధ్యాహ్నం దాకా దాని దగ్గరే కూర్చుంది.

తరవాత నాకు అమలాపురం బదిలీ అయింది. అత్తగారికి మోకాళ్ళు పట్టేసి, గునపం ఎత్తలేక, ముక్కాలిపీట మీద కూర్చుని మాకు పురమాయించేవారు. ఇంకాస్త ఇవతలికి, ఇంకాస్త లోతుకి. అలా కొన్నేళ్ళు గడిచి, ఒక మాఘమాసంలో, చేమంతులు కోసే రోజుల్లోనే, ఆవిడ వెళ్ళిపోయారు. పెద్దరోజు కర్మకి అక్క వచ్చింది. అప్పటికి తనకీ జుట్టు తెల్లబడింది. ఏడ్చి, భోజనం చేసి, వెళ్ళబోయే ముందు నన్ను పెరట్లోకి పిలిచి, “అమ్మగారు ఈ మధ్యన నాటించినదేదైనా ఓ పిలక ఇప్పించండి. మా గుమ్మంలో ఎట్టుకుంటాను,” అని అడిగింది. దుఃఖంలో ఉన్నాను, చేతులాడలేదు. ఆవిడే గునపం తీసుకుని, వానలిల్లీల దుబ్బు చుట్టూ నాలుగు పోట్లు వేసి, ఎంత పొందిగ్గా లేపిందో! మా అత్తగారి పద్ధతి ఒక్క పిసరు తప్పకుండా. పిలకలు తీసుకుని, బలమైనదాన్ని తిరిగి అదే గుంటలో పెట్టి, మట్టి కప్పి, కాలితో అదిమి వెళ్ళింది.

ఇప్పుడు నా వయసు అత్తగారి చివరి రోజుల వయసుకి దగ్గరపడింది. తోటలకి ఈ రోజుల్లో లోటేమీ లేదు. గోదారి దాటితే చాలు నర్సరీలు, ఎక్కడెక్కడి దేశాల పూలూ దొరుకుతున్నాయి, మనం కలలో కూడా చూడని రంగులు. సముద్రం దాకా వంతెనలున్నాయి, పంటి కోసం గంటలు నిలబడక్కర్లేదు. వీటన్నిటికీ నేను సంతోషిస్తాను, పాతరోజులే మంచివని వాదించే ఓపికా లేదు. మొన్న ఆశ్వయుజంలో ఎదురింటి అమ్మాయి కుండీలో తెల్లచేమంతి ఒకటి చూసి ముచ్చటపడి, పూత అయ్యాక ఒక పిలక ఇస్తావా తల్లీ అని అడిగాను. చాలా మంచి పిల్ల, నేనంటే గౌరవం. “అయ్యో ఆంటీ, దానికేం భాగ్యమండీ,” అని అప్పుడే ఫోను తీసి ఏదో నొక్కింది. రెండోరోజు పొద్దున్నే అట్టపెట్టెలో, మొగ్గలతో, కుండీతో సహా మా గుమ్మంలోకి మొక్క వచ్చింది. డబ్బిస్తానంటే పుచ్చుకోలేదు.

ఆ మొక్క బ్రహ్మాండంగా పూసింది. వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు, ఎక్కడిదండీ అని అడిగారు. ఎదురింటి అమ్మాయిదని చెబుదామని నోటిదాకా వచ్చి, ఆ పిల్ల కుండీలో దుబ్బు ఇంకా కదపకుండా అలాగే ఇరుకున ఉందని గుర్తొచ్చి, “పెట్టెలో వచ్చిందండీ,” అన్నాను.